పైపు మన చెలకల కింద.. సంతకం ఢిల్లీలో

(ఉద్యోగులు, విద్యార్థులు కలిసి నడుపుకుంటున్న అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాల గురించి మనం ఊరూరా మాట్లాడుకున్నాం. గోదావరిలో ఎన్ని టీఎంసీలు, 610 జీవోలో ఎన్ని కొలువులు అనేది చదువురాని ముసలవ్వ కూడా చెప్పేది ఉద్యమకాలంలో. గ్యాస్ ముచ్చట మాత్రం ఎప్పుడూ పక్కకే పోయింది. అది అంబానీల పంచాయితీ, మనకెందుకు అనుకున్నాం. నా మట్టుకు నేను కూడా చాలా ఏండ్లు అట్లనే అనుకున్నాను.

నల్లగొండ వైపు ఒక చెలకలో నిలబడ్డ రోజు ఆ అభిప్రాయం మారింది. చెలక నడుమ వరుసగా చిన్న చిన్న గుర్తురాళ్లు పాతి ఉన్నాయి. ఇవేంది అని అడిగితే ఆ రైతు చెప్పిండు: "సారూ, కింద గ్యాసు పైపు పోయింది. దున్నుకోవచ్చట, విత్తుకోవచ్చట. బోరు మాత్రం ఎయ్యొద్దట, చెట్టు పెట్టొద్దట. భూమి నా పేరు మీదనే ఉంది, నా చేతులల్ల లేదు." గ్యాస్ ఏడికి పోతుందో తెలుసా అన్నాను. "గుజరాత్‌కట" అన్నడు.

ఆ రైతు చెప్పింది అక్షరాలా చట్టమే. దాని పేరు పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం, 1962. దాని ప్రకారం ప్రభుత్వం భూమిని కొనదు. భూమి కింద పైపు వేసే హక్కును మాత్రమే తీసుకుంటుంది. ఆ పట్టీ మీద ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెరువు తవ్వొద్దు, చెట్టు నాటొద్దు. పంట నష్టం వేరే ఇస్తారు. హక్కు తీసుకున్నందుకు ఇచ్చేది ఆ భూమి మార్కెట్ ధరలో 10 శాతం. కాలువ పారే పొలానికి బావి వద్దంటే పెద్ద నష్టం లేకపోవచ్చు. బోరు మీద బతికే చెలకకు బోరు వద్దంటే ఏం మిగులుతుంది? ఈ చట్టం రాసినవాళ్ల కండ్లముందు మన భూములు లేవు.

ఆ పైపు కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని బరూచ్ దాకా పోయే ఈస్ట్ వెస్ట్ పైపులైన్. దాదాపు 1,400 కిలోమీటర్లు. కోస్తాంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి గుజరాత్ చేరుతుంది. రిలయన్స్ వాళ్లు వేసిన ఈ లైను 2019లో కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డ్ చేతికి పోయింది. పైపు యజమాని మారిండు. రైతుకు ఇచ్చిన 10 శాతం మారలేదు.

మరి ఈ గ్యాస్ ఎటు పోవాలి, ఎవరికి ముందు ఇవ్వాలి, ఎంత ధరకు ఇవ్వాలి అని ఎవరు నిర్ణయించారు? మార్కెట్ అని కొందరు అంటారు. నేను కాదంటున్నాను. ఈ దేశంలో గ్యాస్‌కు మార్కెట్ తర్వాత వచ్చింది, సర్కారు కాగితం ముందు వచ్చింది. ఆ కాగితం కథే ఇయ్యాల చెప్పుకుందాం.

బొంబాయి హైలో చమురు, గ్యాస్ నిక్షేపాలు బయటపడింది 1974లో. మొదట్లో చమురుతో పాటు వచ్చిన గ్యాస్‌ను చాలావరకు మంటపెట్టి కాల్చేశారు. తీసుకుపోవడానికి పైపు లేదు, కొనేవాడు లేడు. 1984లో గెయిల్ పెట్టారు. గుజరాత్‌లోని హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయపూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా హెచ్‌బీజే పైపులైన్ వేశారు. దాని పొడుగునా విజయపూర్, ఆవ్లా, జగదీశ్‌పూర్, గడేపాన్, బబ్రాలా, షాజహాన్‌పూర్‌లలో ఆరు యూరియా ఫ్యాక్టరీలు పెట్టించారు. ఇది మార్కెట్ చేసిన పని కాదు. పైపు ఎటు పోవాలో ఢిల్లీ గీత గీసింది, ఆ గీత మీద ఫ్యాక్టరీలు మొలిచినయి.

అదే కాలంలో మనకేం వచ్చింది? రామగుండంలో ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అది బొగ్గు మీద నడిచే ఫ్యాక్టరీ. బొగ్గు నుంచి యూరియా తీసే ఆ సాంకేతికత సరిగా కుదరలేదు, కరెంటు సరిగా అందలేదు, నష్టాలు పేరుకున్నయి. 1999లో మూసేశారు. వేలాది కుటుంబాలు క్వార్టర్లు ఖాళీ చేసి పోయినయి. ఉత్తరాన గ్యాస్ మీద నడిచిన ఫ్యాక్టరీలు బతికినయి, ఇక్కడ బొగ్గు మీద నడిచింది చచ్చింది. మన కార్మికులు పని చేయకపోవడం వల్ల కాదు. వాళ్లకు అందిన ముడిసరుకు వేరు, వీళ్లకు అందింది వేరు.

ధర కూడా సర్కారుదే. 1987లో వెయ్యి ఘనపు మీటర్లకు 1,400 రూపాయలు అని ఖాయం చేశారు. 1997లో విదేశీ ఇంధన చమురు ధరకు ముడిపెట్టి, కింద 2,150, పైన 2,850 అని హద్దులు పెట్టారు. 2005లో 3,200 చేశారు. ధర తక్కువ కాబట్టి అందరికీ గ్యాస్ కావాలి. అందరికీ సరిపోయేంత లేదు కాబట్టి, ఎవరికివ్వాలో చెప్పడానికి గ్యాస్ లింకేజీ కమిటీ అని ఒకటి ఢిల్లీలో కూర్చునేది. ధర అగ్గువ చేసినప్పుడు బజారు పోయి క్యూ వస్తుంది. క్యూలో ముందు నిలబడేది ఎవరు? ఢిల్లీలో పలుకుబడి ఉన్నవాడు.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. అమెరికాలో 1938లో సహజ వాయువు చట్టం తెచ్చారు. 1954లో ఫిలిప్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, రాష్ట్రం దాటిపోయే గ్యాస్‌కు బావి దగ్గరి ధర కూడా ఫెడరల్ ప్రభుత్వమే కట్టడి చేయాలని చెప్పింది. టెక్సాస్‌లో పుట్టి టెక్సాస్‌లోనే అమ్ముడుపోయే గ్యాస్‌కు ఆ కట్టడి లేదు. ఏమైంది? గ్యాస్ టెక్సాస్‌లోనే ఆగిపోయింది. 1976-77 చలికాలంలో ఒహాయో లాంటి రాష్ట్రాల్లో గ్యాస్ లేక బళ్లు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1978లో చట్టం మార్చి, అంచెలంచెలుగా ధర మీద పట్టు వదిలారు. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, గ్యాస్ నీళ్లలాగా పల్లానికి పోదు. చట్టం ఎటు వాలు పెడితే అటు పోతుంది. అక్కడ చట్టం వాలు గ్యాస్ పుట్టిన రాష్ట్రం వైపు ఉండె. ఇక్కడ ఎటు ఉందో చూడండి.

రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా 25వ అంశం 'గ్యాస్, గ్యాస్ వర్క్స్'. దాన్ని నమ్ముకొని గుజరాత్ 2001లో సొంతంగా గ్యాస్ చట్టం చేసుకుంది. పంచాయితీ సుప్రీంకోర్టుకు పోయింది. 2004 మార్చిలో అయిదుగురు జడ్జిల ధర్మాసనం ఆ చట్టం చెల్లదని చెప్పింది. సహజ వాయువు కేంద్ర జాబితాలోనిదే, 53వ అంశం కిందికి వస్తుంది. రాష్ట్రాల జాబితాలో ఉన్న గ్యాస్ అంటే ఫ్యాక్టరీలో తయారుచేసే గ్యాస్ అన్నారు. అంటే బొగ్గు నుంచి తీసే గ్యాస్ లాంటిదన్నమాట. జర నవ్వొచ్చే సంగతి ఏందంటే, రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానికి మాట చెల్లే గ్యాస్ మన రామగుండంలోనే తయారైంది. దాన్ని అప్పటికే అయిదేండ్ల కింద మూసేశారు.

ఇంకో మాట. నేల మీద బావిలో దొరికితే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో దొరికింది 297వ అధికరణం కింద కేంద్రానిది. కృష్ణా గోదావరి బేసిన్‌లో పెద్ద నిక్షేపం, డీ6, సముద్రంలో ఉంది. కాబట్టి ఆంధ్రకు కూడా దాని మీద రాయల్టీ లేదు. మన కొట్లాట కోనసీమ రైతుతో కాదని ఎప్పుడూ చెబుతూ వచ్చాం. ఇందులో అది ఇంకా స్పష్టం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం ఊళ్లో గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయినయి. పైపు పక్కన బతికేవాడికి ఎక్కడైనా మిగిలేది అదే.

ఇగ డీ6 కథ. 1999లో కొత్త అన్వేషణ విధానం తెచ్చారు. ప్రైవేటు కంపెనీలు వేలంలో బ్లాకులు తీసుకోవచ్చు, గ్యాస్ మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చు అన్నారు. డీ6 బ్లాకు రిలయన్స్, నికో కంపెనీలకు పోయింది. 2002లో గ్యాస్ పడింది. 2004లో ఎన్‌టీపీసీ తన కవాస్, గాంధార్ ప్లాంట్ల కోసం టెండర్ పిలిస్తే, రిలయన్స్ 2.34 డాలర్లకు ఇస్తానని వేసింది. ఆ ఒప్పందం ముందుకు సాగక ఎన్‌టీపీసీ కోర్టుకెక్కింది. 2007 సెప్టెంబరులో కేంద్ర మంత్రుల సాధికార బృందం అదే గ్యాస్‌కు 4.20 డాలర్లు ఖాయం చేసింది. టెండర్లో పలికింది 2.34, మంత్రులు కూర్చుంటే 4.20. దీన్ని మార్కెట్ ధర అన్నారు. మన సముద్రంలో దొరికి, మన చెలకల కింద పారి, మన దేశంలోనే కాలిపోయే గ్యాస్‌కు డాలర్లలో ధర ఎందుకో మాత్రం అడగొద్దు!

ధర కన్నా మనకు ఎక్కువ దెబ్బ కొట్టింది వరుస క్రమం. 2008లో మంత్రుల బృందం ఎవరికి ముందు గ్యాస్ ఇవ్వాలో రాసింది. ఇప్పటికే గ్యాస్ మీద నడుస్తున్న యూరియా ఫ్యాక్టరీలు ముందు. తర్వాత ఎల్‌పీజీ ప్లాంట్లు, గ్యాస్ లేక సగం నడుస్తున్న కరెంటు ప్లాంట్లు, పట్టణ గ్యాస్. కొత్తగా పెట్టేవాళ్లు వెనక నిలబడాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కట్టినదాన్ని ఖాళీగా ఉంచి కొత్తది ఎందుకు అంటారు. కానీ ఆ 'ఇప్పటికే ఉన్నవి' ఎక్కడున్నయి? హెచ్‌బీజే గీత మీద ఉన్నయి. విజ్జేశ్వరం, జేగురుపాడు, కొండపల్లి, వేమగిరిలో ఉన్నయి. తెలంగాణలో ఒక్కటి చూపించండి. ఉన్నోడికే ముందు అనే రూలు పెడితే, మొదలే లేకుండా చేసినోడికి ఎప్పటికీ వంతు రాదు. నాకు ఇందులో కుట్ర కనబడలేదు. కుట్ర అవసరం కూడా లేదు. పాత వివక్షను కొత్త రూలు దానంతటదే మోసుకొస్తుంది. ములుకీ నుంచి మన ఉద్యోగుల సీనియారిటీ జాబితాల దాకా చూసిన మనకు ఇది కొత్త కాదు.

నేదునూరు సంగతి యాదికి తెచ్చుకోండి. కరీంనగర్ పక్కన తిమ్మాపూర్ మండలంలో 2,100 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం అన్నారు. నాలుగు వందల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. 2010లో ముఖ్యమంత్రి రోశయ్య శంకుస్థాపన చేశారు. అంత ప్లాంటుకు రోజుకు దగ్గర దగ్గర కోటి ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. ఆ గ్యాస్‌కు కేటాయింపు కాగితం లేదు. రాయి పడ్డది, గ్యాస్ రాలేదు. అంతకుముందు శంకర్‌పల్లి పేరు చెప్పారు. అదీ అంతే. ఉద్యమం వేడి మీద ఉన్నప్పుడు పడ్డ రాళ్లన్నీ లెక్కబెట్టి చూస్తే, వాటిలో గ్యాస్ రాళ్లు వేరే వరుస.

ఆ సంవత్సరమే, 2010 మే 7న, అంబానీ అన్నదమ్ముల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కుటుంబ ఒప్పందం ఏదైనా సరే, గ్యాస్ ధర, కేటాయింపు ప్రభుత్వ విధానం ప్రకారమే ఉండాలని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన రంగారెడ్డి జిల్లా బిడ్డ జస్టిస్ సుదర్శన్ రెడ్డి ప్రత్యేకంగా తీర్పు రాశారు. ఈ వనరుల అసలు యజమాని ప్రజలు అన్నది ఆ కేసులో గట్టిగా వినిపించిన మాట. మంచిమాటే. ప్రజల తరఫున సంతకం పెట్టేది మాత్రం కేంద్రం.

తీర్పు సిరా ఆరకముందే గ్యాస్ తగ్గడం మొదలైంది. డీ6 నుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు. 2010లో 6 కోట్ల దాకా వచ్చింది. 2013 నాటికి కోటిన్నరకు కిందికి పడిపోయింది. భూగర్భంలో లెక్క తప్పిందని కంపెనీ అంది. బావులు తవ్వుతామన్నన్ని తవ్వలేదని ప్రభుత్వం అంది. ధర పెరిగేదాకా ఆపుతున్నారని అనుమానించినవాళ్లూ ఉన్నారు. గ్యాస్ తగ్గేకొద్దీ వరుసలో ఎరువులను ముందుకు జరిపి కరెంటును వెనక్కి నెట్టారు. 2013 మార్చి నాటికి డీ6 నుంచి కరెంటు ప్లాంట్లకు పోయింది సున్నా. దేశం మొత్తంలో 14 వేల మెగావాట్లకు పైగా గ్యాస్ ప్లాంట్లు తాళం వేసినట్టు నిలబడ్డయి.

ఆ ప్లాంట్లు ఆంధ్రలో ఉంటే మనకేం నష్టం అనకండి. ఉమ్మడి రాష్ట్రంలో బోరుమోటార్లు ఎక్కువ ఎక్కడున్నయి? కాలువ లేనిచోట. కరెంటు కోత వస్తే ఎండేది ఎవరి పంట? 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు జీడిమెట్లలో, బాలానగర్‌లో దినకూలి పోగొట్టుకున్నది ఎవరు? పైపు కింద నుంచి పోయింది కాబట్టి బోరు వేయొద్దన్నారు. ఆ పైపులో గ్యాస్ లేదు కాబట్టి ఉన్న బోరుకు కరెంటు లేదన్నారు. రెండు దెబ్బలూ ఒకే చెలకకు తగిలినయి.

ధర సంగతి ముగిస్తాను. రంగరాజన్ కమిటీ సూత్రం ప్రకారం అయితే ధర 8 డాలర్లు దాటేది. 2014 ఎన్నికల ముంగట అది ఆగింది. కొత్త ప్రభుత్వం అమెరికా, కెనడా, బ్రిటన్, రష్యా ధరల సగటు తీసి ఆ నవంబరు నుంచి 5.05 డాలర్లు చేసింది. ఎక్కడి ధరలో మనకు కొలబద్దలు! అక్కడ గ్యాస్ పొంగిపోతే 2020 అక్టోబరులో ఇక్కడ 1.79కి పడిపోయింది. ఓఎన్‌జీసీకి తవ్విన ఖర్చు కూడా రాలేదు. ఉక్రెయిన్ యుద్ధం వచ్చినాక 2022 అక్టోబరులో 8.57కి ఎక్కింది. ఇక్కడ ఒక్క బావి మారలేదు. 2023 ఏప్రిల్‌లో సూత్రం మళ్లీ మార్చి, ముడి చమురు ధరలో పదో వంతు, కింద 4 డాలర్లు, పైన 6.50 అని హద్దు పెట్టారు. 1997లో పెట్టిన కింద హద్దు, పైన హద్దు పద్ధతికే తిరిగొచ్చారు. పాతికేండ్లు సంస్కరణల దారిలో నడిచి బయలుదేరిన ఊరికే చేరినట్టుంది.

అంతా చెడే అని చెబితే నేను అబద్ధమాడినట్టు. రామగుండం తిరిగి లేచింది కదా, అది కూడా సర్కారు రూలుతోనే. 2015లో యూరియా ఫ్యాక్టరీలన్నిటికీ దేశీయ గ్యాస్, దిగుమతి గ్యాస్ కలిపి ఒకే సగటు ధర పెట్టారు. దాంతో కొత్తగా గ్యాస్‌కు మారిన ఫ్యాక్టరీ కూడా పాతవాళ్లతో సమానంగా కొనగలిగింది. అదే ఏడాది రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ పుట్టింది. అందులో తెలంగాణ ప్రభుత్వానికి 11 శాతం వాటా. పశ్చిమ గోదావరిలోని కుంచనపల్లి నుంచి రామగుండం దాకా 363 కిలోమీటర్ల పైపు వచ్చింది. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. 1999లో మూసిన గేటు 22 ఏండ్లకు తెరుచుకుంది. వరుసక్రమం వదిలిపెట్టి సమాన ధర పెడితే ఏమైతదో అక్కడ కనబడుతుంది.

ఆ పైపు వేసింది ఎవరో గమనించారా? గుజరాత్ ప్రభుత్వరంగ గ్యాస్ కంపెనీ ముందు నిలబడి పెట్టిన సంస్థ. కోర్టులో గుజరాత్ చట్టం ఓడిపోయింది. కానీ 1979 నుంచే ఆ రాష్ట్రం సొంత పెట్రోలియం కంపెనీ పెట్టుకుంది, పైపులు వేసుకుంది, ఓడరేవులో దిగుమతి టెర్మినళ్లు తెచ్చుకుంది. చట్టం చేసే హక్కు లేకున్నా గొట్టం వేసే హక్కు సంపాదించింది. మనకు రేవు లేదు, నిజమే. కానీ మన దగ్గర అంత పాతదైన గ్యాస్ సంస్థ ఏదన్నా ఉందా? సింగరేణి లాంటి కంపెనీని నడిపిన రాష్ట్రం మనది.

రవాణా చార్జీ కూడా చూడండి. ఉక్కుకు 1956 నుంచి 1990ల మొదటిదాకా దేశమంతా ఒకే ధర పడేటట్టు రవాణా ఖర్చు సమం చేశారు. ఇనుము, బొగ్గు ఉన్న జార్ఖండ్ ప్రాంతానికి దగ్గరితనం వల్ల రావలసిన లాభం పోయింది. అక్కడ కూడా ప్రత్యేక రాష్ట్రం కోసం ఎందుకు కొట్లాడారో ఇందులో కొంత జవాబు ఉంది. గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి, ఎంత దూరమైతే, ఎన్ని లైన్లు మారితే అంత ఎక్కువ చార్జీ అన్నారు. 2023 ఏప్రిల్‌లో గానీ పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ బోర్డు ఏకీకృత చార్జీ తేలేదు.

ఈ బోర్డు గురించి ఒక్కమాట చెప్పి కూర్చుంటాను. 2006 చట్టంతో పుట్టింది, 2007 నుంచి పనిచేస్తున్నది. పైపు చార్జీ అదే చెబుతుంది. ఏ జిల్లాలో ఇంటింటి గ్యాస్ ఎవరు పెట్టాలో అదే వేలం వేస్తుంది. 2018 వేలంలో మన జిల్లాలు కూడా పోయినయి. ఒక ఏరియాకు ఒకటే కంపెనీ, లైన్ల మీద 25 ఏండ్ల ఏకహక్కు. అంటే ఇయ్యాల ఇక్కడ కూర్చున్న డిగ్రీ విద్యార్థికి నడివయసు వచ్చేదాకా వేరే గొట్టం రాదు. బోర్డు ఏ నిబంధన మార్చాలన్నా ముసాయిదా బయటపెట్టి ఎవరైనా అభ్యంతరాలు రాయొచ్చని గడువు ఇస్తుంది. కంపెనీలన్నీ రాస్తాయి. విద్యుత్ ఉద్యోగుల సంఘాలు, రైతు సంఘాలు, మన యూనివర్సిటీల అర్థశాస్త్ర విభాగాలు రాయాలి కదా. టారిఫ్ ఆర్డర్లు చదవడం కష్టమేం కాదు, మనం 610 జీవో చదువుకున్నవాళ్లం.

వచ్చే తరగతికి ఇద్దరు విద్యార్థులు 2004 తీర్పు చదువుకొని రావాలె. ఇంకో ఇద్దరు 1962 చట్టంలో 9, 10 సెక్షన్లు తెలుగు చేసుకొని తేవాలె. విద్యుత్ శాఖ మిత్రులు నేదునూరు భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో, తీసుకున్నప్పుడు ఎకరానికి ఎంత ఇచ్చారో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నల్లగొండ రైతు దగ్గరికి మళ్లీ పోతున్నాం, రాదలచుకున్నవాళ్లు పేరు ఇవ్వండి. జై తెలంగాణ.